పొడుపు కథ విప్పాక అందరికీ తెలిసినదే: రసాయన ప్రక్రియ పేటెంటును తూచేదెలా?

పేటెంటు అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు పసుపు, వేప గుర్తుకొస్తాయి. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన సీఎస్‌ఐఆర్ సవాలు చేసింది. 1997లో అది రద్దయింది. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద ఐరోపా పేటెంటు కార్యాలయం ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది. దాని మీద వేసిన అప్పీలు 2005 మార్చిలో వీగిపోయింది.

ఈ రెండు విజయాలూ మనకు సంతోషాన్నిచ్చాయి. దాంతోపాటు ఒక అలవాటు కూడా అంటింది. ఎవరు ఏ పేటెంటు తీసుకున్నా "ఇందులో ఏముంది, ఇది మా తాతకే తెలుసు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. ఆ మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు కాదు. ఏది నిజమో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలియకపోతే రెండు విధాలా నష్టపోయేది మనమే. మన అద్దకం పనివాళ్ళ చేతిలో ఉన్న విద్యను ఇంకొకరు తమదని రాయించుకున్నా అడ్డు చెప్పలేం. మన పిల్లలు లాబొరేటరీలో కష్టపడి కనిపెట్టినదాన్ని ఎవరైనా "ఇది మామూలేగా" అన్నా జవాబు చెప్పలేం.

షోలాపూర్, భివండీల్లో మగ్గాలతోను, అద్దకాలతోను బతికిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్ళ పిల్లలే ఇవాళ కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీల్లో పనిచేస్తున్నారు. కాబట్టి ఈ విషయం మనకు రెండు వైపులా తగులుతుంది. నేను న్యాయవాదిని కాను. చట్టం చెప్పేదాన్ని, కోర్టులు తూచిన తీరును మామూలు మాటల్లో పెట్టడమే ఇక్కడ నా పని.

ముందుగా చూడవలసింది క్లెయిము

పేటెంటు పత్రం చాలా పేజీలు ఉంటుంది. చివర వరస నంబర్లతో కొన్ని వాక్యాలుంటాయి. వాటిని క్లెయిములు అంటారు. పొలానికి సర్వే హద్దులు ఎలాగో పేటెంటుకు క్లెయిములు అలాగ. ముందు పేజీల్లో ఎంత వర్ణన ఉన్నా, హక్కు మాత్రం ఈ హద్దుల లోపలిదే. "వేప మీద పేటెంటు ఇచ్చేశారు" అని పత్రికల్లో చదివి కంగారు పడతాం గాని, వేపచెట్టును ఎవరూ రాయించుకోలేదు. నూనెను ఫలానా తీరులో తీసి, ఫలానా పాళ్ళలో కలిపి, ఫలానా పనికి వాడే పద్ధతిని రాయించుకున్నారు. వాదన ఎప్పుడూ ఆ వాక్యం మీదనే జరగాలి.

రసాయన ప్రక్రియ క్లెయిములో సాధారణంగా నాలుగు సంగతులుంటాయి. ఏ పదార్థంతో మొదలుపెట్టాలి, దానికి ఏమి కలపాలి, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలి, చివరికి ఏమి వస్తుంది. ఈ నాలుగింటిలో ఏది పాతది, ఏది కొత్తది అని గుర్తు పెట్టుకుంటూ చదివితే సగం పని అయినట్టే.

మూడు గుమ్మాలు

మన 1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం ప్రక్రియ క్లెయిము కొన్ని గుమ్మాలు దాటాలి. మన విషయానికి సంబంధించినవి మూడు.

మొదటిది కొత్తదనం. ఆ నాలుగు సంగతులూ కలిసి ఒకేచోట, ఒకే పుస్తకంలోనో ఒకే వాడుకలోనో, ముందే ఉంటే అక్కడితో సరి. పేటెంటు రాదు.

రెండోది సెక్షన్ 3(డి). మందుల ధరల సందర్భంలో ఈ సెక్షన్ పేరు చాలామంది విని ఉంటారు. 2013లో నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు తీర్పు దీని మీదనే వచ్చింది. అయితే ఇందులో ప్రక్రియల గురించి కూడా ఒక ముక్క ఉంది. తెలిసిన ప్రక్రియను ఊరికే వాడటం ఆవిష్కరణ కాదు. ఆ ప్రక్రియ వల్ల కొత్త పదార్థమైనా రావాలి, లేదా చర్యలో పాల్గొనే పదార్థాల్లో కనీసం ఒకటి కొత్తదైనా కావాలి.

మూడోది అన్నిటికంటె ఇరుకైన గుమ్మం. చట్టం దీన్ని ఇన్వెంటివ్ స్టెప్ అంటుంది. సెక్షన్ 2(1)(జెఎ) దీన్ని నిర్వచిస్తుంది. అప్పటికి ఉన్న జ్ఞానం కంటె సాంకేతికంగా ఒక అడుగు ముందుకు వేయాలి, లేదా ఆర్థికంగా ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దాంతోపాటు, ఆ పనిలో నేర్పు ఉన్న మనిషికి అది సహజంగా తట్టేది కాకూడదు. లాభం ఎంత ఉన్నా, తట్టేదే అయితే పేటెంటు నిలవదు.

చాలామంది రెండో గుమ్మం దాటగానే పని అయిపోయిందనుకుంటారు. కొత్త పదార్థం వచ్చింది కదా, ఇక పేటెంటు ఖాయం అనుకుంటారు. ఇంకొందరు దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు. ప్రతి మెట్టూ పాతదే కదా, ఇక పేటెంటు ఎలా వస్తుంది అంటారు. రెండూ పొరపాటే. కోర్టులు తేల్చిన రెండు కేసులు చూస్తే సంగతి తెలుస్తుంది.

క్రిప్స్ అడిగిన ప్రశ్న

1942లో స్వాతంత్ర్యం బేరం మాట్లాడటానికి మన దేశం వచ్చిన స్టాఫర్డ్ క్రిప్స్ పేరు మన పెద్దలకు తెలుసు. ఆయన అంతకుముందు పేటెంటు కేసులు వాదించే న్యాయవాది. లండన్‌లో కెమిస్ట్రీ చదువుకున్నవాడు. 1928లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చిన ఒక కేసులో ఆయన కూర్చిన ప్రశ్నను ఆ తరువాత చాలాకాలం పేటెంటు కేసుల్లో వాడుతూ వచ్చారు.

ఆ కేసు అమెరికాకు చెందిన షార్ప్ అండ్ డోమ్ కంపెనీకి, ఇంగ్లండులోని బూట్స్ కంపెనీకి మధ్య నడిచింది. రిసార్సినాల్ అనే పదార్థానికి కర్బన గొలుసు తగిలించి, సూక్ష్మక్రిములను చంపే మందులు తయారుచేయడం విషయం. వాటిలో హెక్సిల్‌రిసార్సినాల్ ముఖ్యమైనది. తయారీ రెండు మెట్లు. ముందు రిసార్సినాల్‌ను ఒక కొవ్వు ఆమ్లంతో కలిపి కీటోన్ చేస్తారు. తరువాత ఆ కీటోన్‌ను జింకు-పాదరసం మిశ్రమంతోను, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోను క్షయకరణం చేస్తారు. ఈ రెండో మెట్టును క్లెమెన్‌సెన్ అనే శాస్త్రవేత్త 1913లోనే ప్రచురించాడు.

ఇంకో సంగతి. అమెరికాలో జాన్సన్, లేన్ అనే రసాయనవేత్తలు 1921లో ఇదే తీరులో గొలుసు పొట్టిగా ఉన్న రిసార్సినాల్ పదార్థాలు చేసి, వాటి శక్తిని కొలిచి ప్రచురించారు. గొలుసు పొడుగయ్యేకొద్దీ క్రిములను చంపే శక్తి పెరుగుతోందని వాళ్ళ వ్యాసం చూపించింది. పేటెంటుదారు చేసింది ఆ వరసలో ఇంకా ముందుకు వెళ్ళి, పొడుగు గొలుసు పదార్థాలను తయారుచేయడం.

క్రిప్స్ ప్రశ్న సారాంశం ఇది. ఆ తేదీ నాటికి అందుబాటులో ఉన్న రసాయన సాహిత్యం, మామూలు రసాయన జ్ఞానం చేతిలో ఉన్న నేర్పరికి, ఈ పద్ధతిలో ఈ పొడుగు గొలుసు పదార్థాలు చేస్తే విలువైన మందులు వస్తాయని తట్టేదేనా, కాదా? కోర్టు తట్టేదేనని చెప్పింది. పేటెంటు నిలవలేదు.

మన వంటింటి మాటల్లో చెప్పాలంటే, మూడు మెట్లు ఎక్కేసరికి మామిడికాయ చేతికి దగ్గరవుతోందని ఒకడు చూపించాడు. నాలుగో మెట్టు, ఐదో మెట్టు ఎక్కినవాడికి కాయ దొరికి ఉండవచ్చు. కాని నిచ్చెన అప్పటికే ఉంది, ఎక్కితే లాభమని కూడా అప్పటికే తెలుసు.

బొంబాయి హైకోర్టులో చక్కెర జబ్బు మందు

రెండో కేసు మన దేశానిదే. టోల్బుటమైడ్ అనే చక్కెర జబ్బు మాత్ర గురించి జర్మనీకి చెందిన హెక్స్ట్ కంపెనీ, మన యూనికెమ్ కంపెనీ మీద బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది. 1968లో తీర్పు వచ్చింది. ఇక్కడా పేటెంటు ప్రక్రియకు సంబంధించినదే. ఇక్కడా వాడిన రసాయన చర్యలు కెమిస్టులకు పరిచయమైనవే. అయినా ఇందులో కోర్టు పేటెంటును నిలబెట్టింది.

తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆ మందు పుట్టిన తీరు చూడాలి. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తే, వాళ్ళ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం వైద్యులు గమనించారు. 1950ల నడుమ జర్మనీలో కార్బుటమైడ్ అనే మందు వచ్చింది. అదీ సల్ఫా జాతిదే. దాని అణువుకు ఒక చివర అమైనో సమూహం ఉంటుంది. సల్ఫా మందులు క్రిములను చంపడానికి ఆ అమైనో సమూహమే కీలకం. చక్కెర జబ్బు మనిషి జీవితాంతం మాత్ర వేసుకోవాలి. రోజూ క్రిములను చంపే మందు కడుపులో పడటం మంచిది కాదు.

టోల్బుటమైడ్‌లో ఆ అమైనో సమూహం ఉండే చోట మిథైల్ సమూహం ఉంటుంది. క్రిములను చంపే గుణం పోయింది. చక్కెర తగ్గించే గుణం మాత్రం మిగిలింది. ఇప్పుడు క్రిప్స్ ప్రశ్నను ఇక్కడ పెట్టి చూడండి. అణువులో ముఖ్యమైనదని పేరుపడిన భాగాన్ని తీసేస్తే ఒక గుణం పోయి ఇంకో గుణం నిలుస్తుందని నేర్పరికి ముందే తెలుస్తుందా? మొదటి కేసులో జాన్సన్, లేన్‌ల కొలతలు దారి చూపించాయి. ఇక్కడ అలా ముందుకు నడిపించే వరస లేదు.

రెండు కేసులనూ పక్కపక్కన పెడితే మనకు కావలసిన సూత్రం దొరుకుతుంది. మెట్లన్నీ పాతవైనంత మాత్రాన ప్రక్రియ తట్టేది అయిపోదు. చివర వచ్చిన పదార్థం కొత్తదైనంత మాత్రాన తట్టనిది అయిపోదు. ఆ తేదీన, ఆ నేర్పరికి, ఈ మెట్లను ఈ పదార్థం మీద ఇలా వాడాలనిపించే కారణం ఉందా? వాడితే ఫలితం వస్తుందని నమ్మదగిన ఆశ ఉందా? తూకమంతా ఈ రెండు మాటల మీదనే.

ఎవరి కళ్ళతో చూడాలి? ఏ తేదీన చూడాలి?

చట్టం చెప్పే ఆ నేర్పరి నోబెల్ బహుమతి గ్రహీత కాదు, ఏమీ తెలియని మనిషీ కాదు. ఆ పనిలో బాగా చెయ్యి తిరిగిన మామూలు పనివాడు. ఆ రంగంలో అచ్చయినవన్నీ చదివి ఉంటాడని అనుకోవాలి. పని చక్కబెట్టుకోవడానికి చేసే చిన్న చిన్న మార్పులు అతనికి సహజంగానే వస్తాయి. 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఈ సంగతే తేల్చింది. వంటపాత్రలకు మెరుగుపెట్టేటప్పుడు లేతు మీద వాటిని పట్టి ఉంచే సాధనం మీద వచ్చిన కేసు అది. పనిచోట ఏ మంచి మిస్త్రీ అయినా చేసుకునే సర్దుబాటుకు పేటెంటు లేదని కోర్టు చెప్పి, ఆ పేటెంటును నిలవనివ్వలేదు.

తేదీ మాట ఇంకా ముఖ్యం. చూడవలసింది దరఖాస్తు వేసిన నాటి జ్ఞానాన్ని. విదేశంలో ముందు దరఖాస్తు వేసి దాని ఆధారంగా ఇక్కడ వేస్తే, ఆ మొదటి తేదీనాటి జ్ఞానాన్ని. ఆ తరువాత ప్రచురణ అయిన పుస్తకం ఎంత గొప్పదైనా ఇక్కడ పనికిరాదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మన మనసులోనే ఉంది. పొడుపు కథ విప్పే దాకా ఇంటిల్లిపాదీ తలలు గోక్కుంటారు. విప్పగానే "ఓస్, ఇంతేనా" అంటారు. పేటెంటు పత్రం చదివినవాడి స్థితీ అదే. జవాబు చేతిలో పెట్టుకుని వెనక్కి నడిస్తే ప్రతి మెట్టూ సులువుగానే కనిపిస్తుంది. పాత వ్యాసాల్లోంచి ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క ఏరి అతికిస్తే ఏ ఆవిష్కరణనైనా పాతదిగా చూపించవచ్చు. అందుకే ముక్కలు ఉన్నాయని చూపిస్తే చాలదు. ఆ ముక్కలను కలపాలని ఆనాటి పనివాడికి ఎందుకు తోస్తుందో కూడా చూపించాలి.

2015 నవంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్ కేసులో, రోష్, సిప్లా కంపెనీల మధ్య, ఢిల్లీ హైకోర్టు ఈ తూకాన్ని వరసగా పెట్టింది. దాన్ని మన మాటల్లో ఐదు ప్రశ్నలుగా రాసుకోవచ్చు.

ఒకటి, ఈ పనిలో మామూలు నేర్పరి ఎవరు?
రెండు, క్లెయిములో అసలు కొత్త ఆలోచన ఏది?
మూడు, ఆ తేదీన ఆ నేర్పరికి మామూలుగా తెలిసి ఉండేది ఏమిటి?
నాలుగు, పాతదానికి, ఈ క్లెయిముకు మధ్య తేడా ఎంత? అది పనిచోట చేసుకునే సర్దుబాటేనా?
ఐదు, ఈ ఆవిష్కరణ గురించి ఏమీ తెలియనట్టు కళ్ళు మూసుకుని చూస్తే, ఆ తేడా దాటడం తట్టే పనా, బుర్రకు పని పెట్టే పనా?

ఐదో ప్రశ్నలోని "ఏమీ తెలియనట్టు" అన్న మాటే దీనికి ప్రాణం.

నూనె నూలు మీద మూడు ఊహలు

ఇప్పుడు మనకు తెలిసిన పని మీద దీన్ని నడిపి చూద్దాం. చీరాల పేరుతో ప్రసిద్ధికెక్కి, ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో నేస్తున్న తేలియా రుమాలు సంగతి తీసుకోండి. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోను రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ పిసికి ఆరబెడతారు. అందుకే ఆ పేరు. బూడిదలో క్షారం ఉంటుంది. క్షారం నూనెతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి నూలులోకి దిగుతుంది. తరువాత పటిక సాయంతో ఎరుపు రంగు గట్టిగా పట్టుకుంటుంది. ఒకప్పుడు తీరాంధ్రలో ఎరుపుకు చిరివేరు వాడేవాళ్ళు. తరువాత అలిజరిన్ వచ్చింది. ఇక కింద చెప్పే మూడు క్లెయిములూ నేను ఊహించినవి. ఎవరి పేటెంటూ కాదు.

మొదటి ఊహ. బూడిద బదులు వాషింగ్ సోడా వాడే ప్రక్రియకు ఒకరు పేటెంటు అడిగారు. బూడిద చేసే పని క్షారానిదని ఆ రంగంలో అందరికీ తెలుసు. వాషింగ్ సోడా కూడా క్షారమే. పులిహోరకు చింతపండు లేకపోతే నిమ్మకాయ పిండుకున్నట్టు. ఇది తట్టేదే.

రెండో ఊహ. నూనెను ఇంకాస్త వేడి చేసి, ఆరబెట్టే రోజులు తగ్గించారు. వేడి, సమయం, పాళ్ళు మార్చి చూడటం ఏ అద్దకం పనివాడైనా చేసేదే. మామూలుగా ఇదీ తట్టేదే. అయితే ఒక మెలిక ఉంది. ఫలానా వేడి దగ్గర మాత్రం ఎవరూ ఊహించని ఫలితం వచ్చిందని, అంటే కాస్త మెరుగు కాదు, తీరే మారిపోయిందని కొలతలతో చూపించగలిగితే కథ మారుతుంది. "ఊహించని ఫలితం" అని రాస్తే చాలదు. పాత పద్ధతిని, కొత్త పద్ధతిని పక్కపక్కన పెట్టి చేసిన పరీక్షల పట్టిక కావాలి.

మూడో ఊహ. ఫలానా పదార్థం తగిలితే నూలు కుళ్ళిపోతుందని పుస్తకాలన్నీ చెబుతున్నాయి, పనివాళ్ళందరూ నమ్ముతున్నారు. ఒకరు దాన్నే ఒక ప్రత్యేకమైన వరసలో వాడి, క్షారం అవసరమే లేకుండా, ఇంకా గట్టి రంగు తెచ్చారు. ఇక్కడ పాత జ్ఞానం దారి చూపించకపోవడమే కాదు, ఆ దారిన పోవద్దని హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను దాటి ఫలితం తెచ్చినవాడికి పేటెంటు న్యాయమే. "మా తాత కూడా నూలుకు ఎరుపు వేశాడు" అంటే ఇది రద్దు కాదు, కాకూడదు కూడా.

మూడింటిలోను పని ఒకటే, చివర వచ్చే ఎరుపూ ఒకటే. తీర్పు మాత్రం మూడు రకాలు. అందుకే క్లెయిము చదవకుండా తీర్పు చెప్పకూడదు.

మందుల సంగతి కూడా ఇంతే

మన చట్టం 1972 నుంచి 2004 చివరి దాకా మందులకు, ఆహార పదార్థాలకు ప్రక్రియ పేటెంట్లే ఇచ్చింది. మందు పదార్థం మీద పేటెంటు లేదు. అదే మందును వేరే దారిలో చేసేవాడికి అడ్డు లేదు. హైదరాబాదు మందుల పరిశ్రమ ఎదిగింది ఈ నేల మీదనే. గుంటూరులో పుట్టి, పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పనిచేసి, తరువాత హైదరాబాదు ఐఐసీటీకి నాయకత్వం వహించిన ఏవీ రామారావు గారి లాంటివారు చేసిన పని ఇదే. ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి ఐఐసీటీలో తయారుచేసిన పద్ధతితో సిప్లా 1990లలో ఆ మందును తక్కువ ధరకు తెచ్చింది. 2005 జనవరి 1 నుంచి పదార్థం మీద కూడా పేటెంట్లు వచ్చాయి.

పదార్థం మీద పేటెంటు గడువు తీరాక, దాని తయారీ ప్రక్రియ మీద వేరే పేటెంటు మిగిలి ఉండవచ్చు. ఆ ప్రక్రియలో నిజంగా కొత్త ఆలోచన ఉంటే అది న్యాయం. వేడి పది డిగ్రీలు మార్చి, ద్రావకం ఒకటి మార్చి తీసుకున్నదైతే, ఇంకో కంపెనీ ఆ మందు చౌకగా చేయకుండా ఊరికే అడ్డుగోడ కట్టినట్టు. రోజూ మాత్రలు కొనే ఇంటికి ఈ తేడా నెల ఖర్చులో కనిపిస్తుంది.

మనం చేయగలిగింది

పేటెంటు దరఖాస్తు మామూలుగా 18 నెలల తరువాత ప్రచురణ అవుతుంది. పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ప్రచురణ అయ్యాక, మంజూరు కాకముందు, ఏ వ్యక్తి అయినా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం వేయవచ్చు. ప్రచురణ అయిన 6 నెలల లోపల మంజూరు చేయరు. కాబట్టి కనీసం ఆ వ్యవధి ఉంటుంది. 2024 నుంచి దీనికి రుసుము కట్టాలి. మంజూరు అయ్యాక కూడా ఏడాది లోపల అభ్యంతరం వేయవచ్చు గాని, అప్పుడు ఆ విషయంలో ఆసక్తి, సంబంధం ఉన్నవాళ్ళకే అవకాశం.

కర్ణాటక, తమిళనాడు, యానాంలలో ఉన్న మనవాళ్ళకు చెన్నై కార్యాలయం వర్తిస్తుంది. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళకు ముంబై, ఒడిశాలో ఉన్నవాళ్ళకు కోల్‌కతా. అయితే అభ్యంతరం వేయవలసింది ఆ దరఖాస్తు నడుస్తున్న కార్యాలయంలోనే.

సంప్రదాయ జ్ఞానం విషయంలో చట్టం మనకు ఇంకో ఆసరా ఇచ్చింది. స్థానిక సముదాయాల్లో నోటి మాటగా ఉన్న జ్ఞానం కూడా అభ్యంతరానికి ఆధారమే. సెక్షన్ 3(పి) కింద సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదు. కాని "మా అందరికీ తెలుసు" అన్న మాట ఒక్కటే ఆధారంగా నిలవదు. ఎవరికి తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు, ఎక్కడ వాడారు, ఏ పాళ్ళలో వాడారు అన్నది కాగితం మీద ఉండాలి. పనివాళ్ళ అఫిడవిట్లు, పాత లెక్కల పుస్తకాలు, సరుకు చీటీలు, తేదీ ఉన్న ఫోటోలు పనికొస్తాయి. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. ఇతర రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇక్కడే చిక్కు ఎక్కువ. తాత నోటుపుస్తకం తెలుగులో ఉంటుంది. మనవడికి కన్నడమో మరాఠీయో తప్ప ఆ లిపి చదవడం రాదు. ఆ పుస్తకం అటక మీదనే చెదలు పడుతుంది.

ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి కాబట్టి ఒకటి గట్టిగా చెబుతాను. తేదీ లేని కాగితం సగం కాగితమే. పెద్దవాళ్ళ దగ్గర పద్ధతి రాసుకునేటప్పుడు "కాస్త", "తగినంత" అని రాయకండి. ఎన్ని సేర్లు, ఎన్ని రోజులు, ఏ నెలలో అని అడిగి రాయండి. చెప్పినవారి పేరు, ఊరు, రాసిన తేదీ వేయండి. క్లెయిములో ఉండేవి కూడా ఆ అంకెలే కదా.

రాసుకున్నదాన్ని ఏమి చేయాలన్నది మాత్రం ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఇంటి నాలుగు గోడల మధ్య రహస్యంగా ఉన్న పద్ధతి, రేపు ఇంకొకరు పేటెంటు అడిగినప్పుడు "బయట తెలిసిన జ్ఞానం" కింద నిలబడటం కష్టం. ప్రచురిస్తే ఇంకొకరు దాన్ని తమదని రాయించుకోలేరు. కాని అందరూ వాడుకుంటారు. ఒకవేళ మీ పద్ధతిలో నిజంగా ఎవరికీ తట్టని కొత్త మెట్టు ఉందనిపిస్తే, పత్రికలోనో సభలోనో చెప్పకముందే పేటెంటు ఏజెంటును కలవండి. ముందు చెప్పేసి తరువాత దరఖాస్తు వేస్తే, మీ మాటే మీ కొత్తదనానికి అడ్డం రావచ్చు. లాబొరేటరీల్లో ఉన్న మన పిల్లలకు ఈ హెచ్చరిక మరీ ముఖ్యం.

చివరగా సంఘాల బాధ్యత ఒకటి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి సభలు పెడతాం, శాలువాలు కప్పుతాం. ఆ సభల్లోనే అద్దకం, నేత, పచ్చళ్ళు, నాటువైద్యం తెలిసిన పెద్దలను ఇద్దరిని కూర్చోబెట్టి, పక్కన కెమిస్ట్రీ చదివిన పిల్లను ఒకరిని కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది అంకెలతో సహా రాయించడం పెద్ద ఖర్చు కాదు. పెద్దవారు "ఇది మాకు తెలుసు" అన్నప్పుడు ఆ పిల్ల "ఎంత వేడి, ఎన్ని రోజులు" అని అడగాలి. ఆ పిల్ల "ఇది కొత్తది" అన్నప్పుడు పెద్దవారు "మేం ఇలా చేసేవాళ్ళం" అని చెప్పాలి. పేటెంటు కార్యాలయంలో జరిగేదీ ఇదే సంభాషణ. మన ఇళ్ళలో ముందు జరిగి ఉంటే, అక్కడ మన తరఫున మాట్లాడటానికి కాగితం ఉంటుంది.